రాజంపేటామె పేరు

ఊరంతా ఆమెను రాజంపేటామె అంటారు. చిన్నవాళ్ళయితే రాజంపేటత్త, సాటివాళ్ళయితే రాజంపేటక్క. కట్టుకున్నవాడు "ఒమే" అంటాడు, అంతకు మించి ఆయనకు ఏనాడూ అవసరం పడలేదు. ఎవరేమన్నా అననీ, మనం మాత్రం సుంకులమ్మ అనే అందాం. ఆ పేరు కోసమే గదా ఆమె నాలుగు రోజులు కూడూ నీళ్ళూ మరిచి తిరిగింది!

మంగళవారం పొద్దున చావిడి ఎదుటి దొడ్లో ఆడవాళ్ళు వేరుశనగ చెట్ల వామి చుట్టూ కూర్చుని కాయలు పెరుకుతున్నారు. చెట్ల కట్టను ఎడమ చేత్తో పట్టుకోవడం, మన్ను రాలేట్టు నేలకేసి రెండు దెబ్బలు కొట్టడం, కుడిచేతి వేళ్ళతో కాయలు దూసి గంపలో వేయడం. గోళ్ళ సందుల్లో ఎర్రమన్ను ఇరుక్కుని మధ్యాహ్నానికి వేళ్ళు మంటపుడతాయి. పదో గంపకు ఒక గంప కూలి. ఆ సంవత్సరం వానలు అంతంత మాత్రం, కాయ గట్టిపడలేదు, అందుకని ఎవరి నోట చూసినా విసుగే.

చావిడిలో కరణం ఓటర్ల జాబితా చదువుతున్నాడు. దేశంలో మొదటిసారి అందరికీ ఓట్లు, ఆడవాళ్ళకు కూడా. రాసినదాన్ని ఊరిలో చదివి వినిపించి, చచ్చినవాళ్ళను కొట్టేసి, తప్పులు దిద్దాలని పైనుంచి తాఖీదు. మగవాళ్ళు చావిడి నిండా కూర్చుని, తమ పేరు వచ్చినప్పుడల్లా "ఉండానప్పా" అంటున్నారు.

సుంకులమ్మ చేతులు కాయల్లో ఉన్నాయి గానీ చెవులు చావిడిలోనే ఉన్నాయి. ఎండాకాలంలో పేర్లు రాసుకోవడానికి వచ్చినతను తలుపు కాడ నిలబడి "నీ పేరేందమ్మా?" అని అడిగినప్పుడు ఇంట్లో ఇంకెవరూ లేరు. ఆమె "సుంకులమ్మ" అని చెప్పింది. అతను నవ్వలేదు, మళ్ళీ అడగలేదు, రాసుకుని పోయాడు. అతను పోయాక గడప మీద నిలబడి తన పేరు తానే ఇంకోసారి అనుకుంది. ఆ పేరు కాగితం మీద ఉందన్న సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు, ఇన్ని నెలలుగా ఒక్కతే దాచుకుంది.

"నలభై ఒకటో ఇల్లు. మారెన్న, తండ్రి హనుమన్న."

"ఉండానప్పా," అన్నాడు ఆమె మొగుడు.

"సుంకులమ్మ, భర్త మారెన్న." కరణం చదవడం ఆపి కళ్ళజోడు పైకి తోసుకున్నాడు. "ఏందిరా మారెన్నా! మీయమ్మను నీకు పెండ్లాం జేసినాడే రాసినోడు!"

చావిడి గొల్లుమంది. మారెన్న కూడా నవ్వాడు, అందరికంటే ఎక్కువే నవ్వాడు. "మాయమ్మ పోయి ఐదేండ్లాయ గదప్పా. బతికుండేవోళ్ళను వొదిలిపెట్టి సచ్చినోళ్ళను రాసినాడా వాడు? కొట్టేయ్, కొట్టేయ్."

కరణం ఎర్రసిరాలో కలం ముంచి గీత గీశాడు. పక్కన 'మృతి' అని రాసి, మారెన్న బొటనవేలు పట్టుకుని సిరా పూసి అక్కడ ఒత్తాడు.

సుంకులమ్మ లేచింది. ఒళ్ళోని చెట్లు జారిపోయాయి. చావిడి మెట్ల దాకా పోయి ఆగిపోయింది, ఆడవాళ్ళు ఎక్కే మెట్లు కావవి. మారెన్న ఆమెను చూసి అక్కడినుంచే "ఏందిమే? ఏమన్నా కావాల్నా?" అన్నాడు. ముప్పైమంది మగవాళ్ళు తిరిగి చూశారు. ఆమె నోటిలో మాట ఉంది, పైటకొంగు కూడా నోటిలోనే ఉంది. "ఏం లేదా? పో మల్ల, పని జూసుకో," అన్నాడు మారెన్న. కరణం నలభై రెండో ఇంటికి పోయాడు.

సాయంత్రం మారెన్న సంగటి ముద్దలో గుంత చేసుకుని పులుసు పోయించుకుంటూ ఉండగా ఆమె అంది.

"సుంకులమ్మంటే నేను."

"ఏందీ?"

"పొద్దున నువ్వు కొట్టేపిచ్చిన పేరు నాది."

మారెన్న చెయ్యి ముద్ద మీద ఆగింది. "అది మాయమ్మ పేరు గదా."

"నాది గూడా. మా నాయన పెట్టిన పేరు. పెండ్లి మాటలప్పుడు మీయమ్మే అన్నెది, ఒకే ఇంట్లో ఇద్దరు సుంకులమ్మలు కుదరదు, కోడల్ని ఆ పేరుతో పిల్చాలన్నా తిట్టాలన్నా నోరెట్ల వస్తాది అని. నీకు గ్యాపకం లేదా?"

మారెన్న చాలాసేపు ఆలోచించాడు. పాపం, నిజంగానే ఆలోచించాడు. "అవును, ఏందో అన్నెట్టుండాది. మల్ల నీకు ఏరే పేరు పెట్టినట్టున్నారే?"

"పెట్టలేదు. రాజంపేట పిల్లన్నారు. పిల్ల పోయి ఆమె ఆయ. అంతే."

"సరేలేమే. ఓటొకటి పోతే ఏమైతాది, పడే వాన పడకుండా పోతాదా?"

"నేను సచ్చిపోయినానని ఏలిముద్ర ఏసినావు."

"నీకు ఏస్తినా? మాయమ్మకు ఏస్తి."

ఆ మాటకు సుంకులమ్మకు ఒళ్ళు మండిపోయింది. ఇరవై రెండేళ్ళ కాపురంలో ఆయన చెయ్యి చేసుకున్నది తక్కువ, తాగి వచ్చింది అంతకంటే తక్కువ. మంచివాడని అందరూ అంటారు, ఆమె కూడా అంటుంది. అటువంటి మంచివాడితో పోట్లాడటం ఎట్లాగో ఆమెకు తెలియలేదు. చట్టిలోని మిగిలిన పులుసు ఆయన ముద్ద మీద కుమ్మరించి లేచిపోయింది.

బుధవారం పనికి పోకముందే కరణం ఇంటికి పోయింది. కరణం అరుగు మీద ఆకు నములుతూ చిట్టాలు ముందేసుకుని ఉన్నాడు. ఆమె కింద నిలబడి చెప్పిందంతా విన్నాడు, రెండుసార్లు "ఊ" అన్నాడు.

"అయితే నువ్వుగూడా సుంకులమ్మేనంటావు."

"అవును సామీ."

"ఇన్నేండ్లలో ఎవురూ పిల్చింది నేనినలేదే."

"ఎవురూ పిల్చలేదు సామీ."

"అదే మల్ల!" అన్నాడు కరణం, తగువు తీరిపోయినట్టు. తర్వాత ఏమనుకున్నాడో కొంచెం తగ్గాడు. "ఎర్రగీత గీసినాక నా చేతిలో ఏముండదు. శుక్రవారం రోడ్డు బంగళాకు ఆఫీసరు వస్తాడు. అర్జీ రాపిచ్చుకోని పో. ఏలిముద్ర ఏసినోడే వచ్చి తప్పైపోయిందని చెప్పల్ల. అది చాలదు, నిన్ను ఆ పేరుతో ఎరిగినోళ్ళు ఇంకొకరు సాచ్చిం చెప్పల్ల. మొగుడి మాటొకటే అయితే ఆఫీసర్లు నమ్మరు."

ఎరిగినవాళ్ళు! ఊరిలో ఆమె పురుళ్ళు పోసిన ఇళ్ళు నాలుగున్నాయి. ఆమె చేత్తో పసుపు దంచని పెళ్ళి లేదు. చావులకు వేణ్ణీళ్ళు కాచింది, గొడవలు తీర్చింది, అప్పచ్చులు పంచింది. ఆమెను ఎరగనిది ఎవరు? ధైర్యంగానే దొడ్లోకి వచ్చి తన గంప ముందేసుకుంది.

"నా పేరేందో చెప్పండే," అంది.

అందరూ చెట్లు పట్టుకుని ఆమె వైపు చూశారు. భీమమ్మ ముందుగా నవ్వింది. భీమమ్మ ఆ ఊరి ఆడబిడ్డే, మేనమామ కొడుకును చేసుకుని పుట్టిన వీధిలోనే ఉండిపోయింది, అందుకని పుట్టినప్పటి పేరుతోనే చలామణీ అవుతోంది. "నీ పేరు నాకు తెలీకపోవడమేంది రాజంపేటక్కా? రాజమ్మ గదా!"

"కాదు."

"రాజంపేట కాబట్టి రాజమ్మ అనుకుంటి. సుబ్బమ్మనా?"

"కాదు."

అప్పుడు అది ఆటయిపోయింది. ఒకరు ఎల్లమ్మ అన్నారు, ఒకరు ఓబులమ్మ అన్నారు, ఒకరు తప్పు చెప్పినప్పుడల్లా అందరూ పడిపడి నవ్వారు. పొద్దుటినుంచి విసుగెత్తి ఉన్నవాళ్ళకు ఏదో ఒక కాలక్షేపం దొరికింది. సుంకులమ్మ నవ్వలేదు.

"పీలేరామె పేరు చెప్పండి చూద్దాం," అంది.

ఎవరికీ రాలేదు. పీలేరామె అక్కడే ఉంది, తలెత్తకుండా కాయలు దూస్తోంది. "నీ పేరేందే?" అని భీమమ్మ ఆమెనే అడిగింది.

"నాది... ఇప్పుడు యాలలే," అంది పీలేరామె. "ఎవురు పిలుస్తారని?"

"సుంకులమ్మ," అంది సుంకులమ్మ గట్టిగా. "నా పేరు సుంకులమ్మ. ఎల్లుండి బంగళా కాడికొచ్చి ఎవురన్నా ఆ మాట చెప్తారా?"

నవ్వులు ఆగిపోయాయి. భీమమ్మ చెట్లకట్ట నేలకేసి కొట్టింది. "అది మీయత్త పేరు గదక్కా. ఆ ముసలామెను నేను సుంకులమ్మవ్వా అని పిల్చినదాన్ని. ఇప్పుడు పోయి నీ పేరంటే అబద్ధం సాచ్చిం అయితాది. నువ్వు ఇయ్యాల చెప్తేనే గదా మాకు తెలిసింది?"

అందులో తప్పు పట్టడానికేమీ లేదు. అదే సుంకులమ్మకు ఇంకా కోపం తెప్పించింది. ఎవరి మాటలోనూ తప్పు లేదు, ఎవరికి వాళ్ళు న్యాయంగానే మాట్లాడుతున్నారు, తను మాత్రం చచ్చిపోయి ఉంది. చేతిలోని చెట్లు వామి మీదికి విసిరికొట్టి ఆ పూట కూలి వదులుకుని లేచి వచ్చేసింది.

గురువారం తెల్లవారి గుర్తుకొచ్చింది. లేదు, ఒకరున్నారు.

ఊరికి తూర్పున వంక దాటితే మాలపల్లె. అక్కడ తాటాకుల ప్రార్థన మందిరం, అందులోనే బడి, ఆ బడికి విశ్వాసమ్మ టీచరు. సుంకులమ్మ తమ్ముడికి రాజంపేటకు ఉత్తరం రాయించాలంటే ఏటా రెండుసార్లు వంక దాటి పోయేది. పేరు అడగకుండా ఉత్తరం ముగించడం విశ్వాసమ్మకు చేతకాదు. "కింద ఎవరని రాసేదమ్మా?" అని మొదటి ఉత్తరంలోనే అడిగింది. 'నీ అక్క సుంకులమ్మ' అని పదేళ్ళుగా రాస్తూనే ఉంది.

విశ్వాసమ్మ పిల్లలకు ఎక్కాలు అప్పజెప్పమని చెప్పి బయటికి వచ్చింది. చెప్పిందంతా విని ముందు కోపం తెచ్చుకుంది. తర్వాత నవ్వింది.

"మమ్మల్నయితే ఊరంతా పేరు పెట్టే పిలుస్తారమ్మా. ఆరేండ్ల పిలకాయలు గూడా ఏమే విశ్వాసీ అంటారు. మీకు మర్యాద ఎక్కువై పేరు పోయినాది, మాకు మర్యాద లేక పేరు మిగిలినాది."

ఊరిలో సుంకులమ్మ కూడా ఆమెను అట్లాగే పిలిచేది.

విశ్వాసమ్మ అర్జీ రాసింది. "భర్త పేరు?" అని అడిగి కలం ఆపింది. సుంకులమ్మ కొంగు సర్దుకుంది, గోడ వంక చూసింది, "నీకు తెలుసు గదా," అంది. విశ్వాసమ్మ తలూపి రాసుకుంది. అర్జీ కింద, పదేళ్ళుగా ఈమె పేరున ఉత్తరాలు రాసింది తానేనని, ఈమె సుంకులమ్మేనని ఇంకో కాగితం రాసి సంతకం చేసింది. "రేపు నేనూ వస్తా. మధ్యాన్నం బడి ఉండాది, ఆఫీసరు పొద్దున్నే వస్తే నోటితోనే చెప్తా, రాకపోతే ఈ కాగితం మాట్లాడతాది," అంది.

ఇక మిగిలింది మారెన్న. మారెన్న కల్లంలో కాయలు ఆరబోస్తున్నాడు. రేపు బంగళాకు రావాలంటే ససేమిరా అన్నాడు.

"కాయలెవురు జూస్తారు? గొర్రెలొచ్చి తినిపోతే నీ ఓటు తెచ్చిస్తాదా?"

"ఏలిముద్ర నువ్వే ఏసినావు. నువ్వే రావల్ల."

"వచ్చి ఏం జెప్పల్ల? దాని పేరు మాయమ్మ పేరని చెప్పల్నా? నా నోట్లో ఆ పేరు రాదుమే. కన్నతల్లి పేరు పెట్టి పెండ్లాన్ని పిల్చేవోడు యాడన్నా ఉండాడా?"

"పిల్చొద్దు. ఆడికొచ్చి చెప్పు చాలు."

"ఊళ్ళో నవ్వుతారు."

"మొన్న నవ్వలేదా?"

మారెన్న కాయలను కాలితో నెరుపుతూ పక్కకు తిరిగాడు. సుంకులమ్మ ఇంటికి వచ్చేసింది. ఆ పూట పొయ్యి ముట్టించలేదు. పొద్దుగూకే వేళ మారెన్న వచ్చి, కాళ్ళు కడుక్కుని, పీట వేసుకుని కూర్చున్నాడు. పొయ్యిలో బూడిద చల్లగా ఉంది.

"సంగటేది?"

"సచ్చినోళ్ళు సంగటి కెలకరు," అంది ఆమె, గడప మీద కూర్చున్నచోటినుంచి కదలకుండా. "నన్ను సంపి ఏలిముద్ర ఏసినావు. మీయమ్మ పోయినాక ఈ ఇంట్లో ఇంగో సుంకులమ్మ లేదు గదా. ఎవురు చేసి పెడతారో వాళ్ళనడుక్కో."

అప్పుడు మారెన్నకు కోపం వచ్చింది, తర్వాత ఆకలి వచ్చింది, చివరకు సిగ్గు కూడా వచ్చినట్టుంది. పీట మీదనే చాలాసేపు కూర్చుని, "సరే, వస్తాలే," అన్నాడు. "తప్పైపోయిందంటా. అంతే. పేరు మాత్రం నన్ను అనమనొద్దు."

శుక్రవారం రెండు కోసులు నడిచి పొద్దెక్కేసరికి బంగళా చేరారు. చుట్టుపక్కల పది ఊళ్ళ జనం అప్పటికే వచ్చి ఉన్నారు. ఆవరణలో రెండు వేపచెట్లు, వాటి కింద మగవాళ్ళు. ఆడవాళ్ళు ఏడెనిమిది మంది, ప్రహరీ గోడ వారన నీడలో. గోడకూ మెట్లకూ నడుమ కంకర పరిచిన దారి. విశ్వాసమ్మ గేటు అవతల రాతి మీద కూర్చుని ఉంది. బంట్రోతు అర్జీలన్నీ తీసుకుని లోపల పెట్టాడు. తొమ్మిదికి వస్తాడన్న ఆఫీసరు పన్నెండైనా రాలేదు. విశ్వాసమ్మ ఎండవైపు చూసి, "నేను పోవల్లమ్మా, పిలకాయలుంటారు," అని లేచింది. పోతూ పోతూ వెనక్కి వచ్చి, "బంట్రోతు మూడుసార్లు పిలుస్తాడు. పిలిస్తేనే పోవల్ల," అని చెప్పింది. "సరే," అంది సుంకులమ్మ. పిలవడం ఎంత భాగ్యం, పిలిస్తే చాలు, పరుగెత్తి పోతుంది.

రెండు గంటలకు ఆఫీసరు వచ్చాడు, భోంచేశాడు, మూడింటికి వరండాలో మేజా వేయించుకుని కూర్చున్నాడు. బంట్రోతు మెట్ల మీద నిలబడి కచేరీల్లో పిలిచినట్టు సాగదీసి పిలుస్తున్నాడు. ఒకడు పోతాడు, రెండు మాటలు, ఒక సంతకం, వస్తాడు. ఆడవాళ్ళ నీడ మళ్ళి ఎండ అయిపోయింది. సుంకులమ్మకు పొద్దుటినుంచి నీళ్ళు కూడా లేవు. మారెన్న చెట్టు కింద కూర్చోలేక ఆమె దగ్గరికి వచ్చి గోడ పక్కన గొంతుక్కూర్చున్నాడు. "కాయలు ఏమాయనో," అన్నాడు. ఆమె ఆఫీసరుకు ఏం చెప్పాలో లోపల లోపల కూడబలుక్కుంటోంది.

"సుంకులమ్మా..." అన్నాడు బంట్రోతు.

సుంకులమ్మ దారికి అడ్డంగా చాచి ఉన్న కాళ్ళు లోపలికి లాక్కుంది. కొంగు తల మీదికి లాక్కుని గోడకు ఇంకా కొంచెం ఒదిగి కూర్చుంది. పక్కనే పెట్టుకున్న మూట కూడా దారికి అడ్డమవుతుందని ఒళ్ళోకి తీసుకుంది.

"సుంకులమ్మా..."

మారెన్న కూడా తలపాగా సర్దుకుని గేటు వైపు చూశాడు.

"సుంకులమ్మా..."

ఎవరూ రాలేదు. బంట్రోతు కాగితం కింద పెట్టి ఇంకో పేరు పిలిచాడు. ఆ పేరుగల ముసలాయన కర్ర టకటకలాడించుకుంటూ ఆ దారినే పోయాడు. సుంకులమ్మ ఆ కర్రను చూసింది, తన ముందున్న ఖాళీ దారిని చూసింది, ముడుచుకున్న తన కాళ్ళను చూసుకుంది. ఎవరికోసం దారి వదిలింది? పదిహేడేళ్ళు వీధిలో ఎవరు ఆ పేరు పిలిచినా అత్త లేచి పోయేది, కోడలు పక్కకు తప్పుకునేది. అత్త పోయి ఐదేళ్ళయినా ఆ ఒళ్ళు అట్లాగే తప్పుకుంది. దానికి ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది.

"అయ్యో!" అని అరిచింది. మూట ఎక్కడ పడిందో చూడకుండా మెట్లెక్కి మేజా ముందు నిలబడింది. "నేనే సామీ, నేనే. సుంకులమ్మ నేనే."

ఆఫీసరు చిన్నవాడు, ముప్పై ఉంటాయేమో. చెడ్డవాడిలా లేడు, అలసిపోయి ఉన్నాడు. కాగితాల్లోంచి అర్జీ తీసి చూశాడు. అప్పటికే దాని మీద ఏదో రాసి ఉంది. "మూడుసార్లు పిలిచారు కదమ్మా. హాజరు లేదని రాసేశాను. ఎక్కడున్నావు?"

"ఆడే, గోడ కాడ."

"అంత దగ్గరుండి వినపడలేదా? చెవుడా?"

"లేదు సామీ. వినపడింది."

"మరి?"

సుంకులమ్మ నోరు తెరిచింది. పొద్దుటినుంచి కూడబలుక్కున్న మాటల్లో ఒక్కటి కూడా దీనికి పనికిరాలేదు. ఆఫీసరు విశ్వాసమ్మ కాగితం కూడా తిప్పి చూసి పక్కన పెట్టాడు. "చూడమ్మా, ఆ పేరుతో ఊరిలో చనిపోయినామె ఒకరున్నారని కరణం రిపోర్టు. నీ మొగుడి వేలిముద్ర ఉంది. పిలిస్తే నువ్వు పలకలేదు. నువ్వు పలకని పేరు నీదేనని నేనెట్లా రాసేది?"

వెనకాల చెప్పుల చప్పుడైంది. మారెన్న మెట్ల కింద చెప్పులు విడిచి పైకి వచ్చాడు. మొహమంతా చెమట. "సారూ, తప్పు నాది. ఏలిముద్ర తప్పుగా ఏసినా. ఆ పేరు దీనిదే."

"దీనిదంటే ఎవరిదయ్యా?"

"దీనిదే సారూ. మా ఇంటిదానిది."

"పేరు చెప్పు."

మారెన్న ఆమెను చూశాడు, ఆఫీసరును చూశాడు. పెదవులు కదిలాయి, గొంతులోంచి గాలి మాత్రం వచ్చింది. చావిడిలో గొల్లుమని నవ్విన నోరు అదే. బంట్రోతు తర్వాతి పేరు పట్టుకుని నిలబడి ఉన్నాడు.

"సుంకులమ్మ," అన్నాడు చివరకు, నేల చూస్తూ.

"ఈ మాట మంగళవారం చెప్పుంటే సరిపోయేది," అన్నాడు ఆఫీసరు. "రాసింది దిద్దడానికి లేదు. మళ్ళీ జాబితా రాసినప్పుడు చెప్పుకోండి." అర్జీని మిగిలిన కాగితాల అడుగున పెట్టేశాడు.

తిరుగుదారిలో సుంకులమ్మ ముందు నడిచింది. ఎప్పుడూ ఆయన ముందు, ఆమె వెనక. ఈరోజు మారెన్న ఎంత నడిచినా ఆమెను అందుకోలేకపోయాడు. ఏడుస్తోందేమోనని చూశాడు, ఏడవడం లేదు. ఆమెకు ఆయన మీద కోపం లేదు, కరణం మీద లేదు, ఆఫీసరు మీద కూడా లేదు. తన కాళ్ళ మీద ఉంది, అవి ముడుచుకున్నందుకు. తన చేతి మీద ఉంది, కొంగు లాగినందుకు. వాటిని ఏమని తిడుతుంది?

"ఒమే, నిదానంగా పో."

ఆమె ఆగలేదు. "పేరు పెట్టి పిలువు," అంది, తిరగకుండానే.

"ఏందీ?"

"ఇందాక అంటివి గదా. ఇంగోతూరి అను."

మారెన్న దారికి రెండు పక్కలా చూశాడు. బోడిగుట్టలు, కోసిన జొన్న మోళ్ళు, దూరంగా ఒక గొర్రెల మంద. "సుంకులమ్మా," అన్నాడు మెల్లగా.

ఆమె నడుస్తూనే ఉంది.

"పిలిపిచ్చుకోని పలకవేమే?"

"పలికేదానికే జూస్తాండా. రాలేదు. ఇంగోతూరి."

ఆయన పిలిచాడు. వంక దిగారు, ఎక్కారు. పిలిచాడు. మొదట్లో గొంతు తడబడింది, తర్వాత విసుగ్గా పిలిచాడు, మధ్యలో ఒకసారి ఎందుకో ఏడుపు గొంతుతో పిలిచాడు, తల్లి గుర్తుకు వచ్చిందేమో. ప్రతిసారీ ఆ పేరు వినగానే ఆమె చెయ్యి కొంగు దాకా పోయేది. ఆ చేతిని ఇంకో చేత్తో పట్టుకుని నడిచింది.

ఊరి మొగదలకు వచ్చేసరికి పొద్దు గుట్టల మీద ఉంది. పని ముగించుకుని గంపలు నెత్తిన పెట్టుకుని ఆడవాళ్ళు ఎదురొస్తున్నారు, ముందు భీమమ్మ, వెనక పీలేరామె. మారెన్న నోరు మూసుకున్నాడు.

సుంకులమ్మ నిలబడింది. తిరిగి చూడలేదు. దారి నడిమధ్యన నిలబడింది. "ఏం, నోరు పడిపోయినాదా?" అంది.

మారెన్న గొంతు సవరించుకున్నాడు. ఆడవాళ్ళు పది అడుగుల దూరంలో ఉన్నారు.

"సుంకులమ్మా!"

"ఓ," అంది సుంకులమ్మ. చెయ్యి కిందనే ఉంది.

భీమమ్మ గంప పట్టుకుని వెనక్కి చూసింది, పక్కకు చూసింది. "ఎవుర్ని పిలుస్తాండావు మారెన్నా?"

"నన్నే," అంది సుంకులమ్మ.

జనవరిలో ఊరంతా బండ్లు కట్టుకుని ఓట్లకు పోయింది. ఆ పొద్దు ఆమె ఒక్కతే దొడ్లో కూర్చుని విత్తనం కాయలు ఒలిచింది, మధ్యాహ్నానికి రెండు మానికలయ్యాయి.